సీసా మార్చనన్న చెల్లెలికి

ప్రశ్న: మా అక్కా నేనూ ఈమధ్య ‘గ్రేస్ అనాటమీ’ సీరియల్‌ను మొదటి నుంచీ వరసగా చూస్తూ ఏడో సీజన్ చివరికి వచ్చాం. అల్జీమర్స్ మందు మీద తన భర్త నడుపుతున్న క్లినికల్ ట్రయల్‌లో, అంటే కొందరికి అసలు మందూ కొందరికి ఉత్త ద్రవమూ ఇచ్చి పోల్చి చూసే పరీక్షలో, ఆస్పత్రి ఛీఫ్ భార్య అడెల్‌కు అసలు మందే అందాలని కథానాయిక డాక్టర్ మెరిడిత్ సీసా మార్చేస్తుంది. అది తప్పని నేనన్నాను. మనసున్న మనిషి ఎవరైనా అదే చేస్తారని అక్క అంది. నేను ఒక ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తాను, ట్రయల్ మందులు మా దగ్గరే ఉంటాయి. ఆ సంగతి తెలిసిన అక్క, ‘రేపు నాకే ఆ జబ్బు వచ్చి, సీసా నీ చేతిలో ఉంటే మార్చవా?’ అని అడిగింది. మార్చనని చెప్పాను. ‘అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో వడ్డించే రకం నువ్వు’ అని లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. నేనన్నది తప్పా? సొంతవాళ్ల మీద ప్రేమ ఉన్న మనిషి ఆ చోట ఏం చేయాలి? — ఒక పాఠకురాలు

సమాధానం: మీరన్నది తప్పు కాదు. అడగ్గానే తడుముకోకుండా అనగలిగారంటే మీ వృత్తి మీకు బాగా వంటబట్టిందని అర్థం. అయితే మీ అక్కగారు నొచ్చుకోవడంలోనూ తప్పు లేదు, ఎందుకంటే ఆమె నిజంగా అడిగింది సీసా గురించి అని నేననుకోవడం లేదు. ఆ సంగతికి చివర్లో వస్తాను. ముందుగా మెరిడిత్ చేసిన పనిని నిదానంగా చూడాలి. అందుకోసం మీరింకా చూడని సీజన్లలో జరిగేది కొంత బయటపెట్టక తప్పదు, మన్నించండి.

మీ అక్కగారి వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేకుండానే రచయితలు ఆ కథను అల్లారు. మెరిడిత్ తల్లి ఎల్లిస్ గ్రే పేరుమోసిన సర్జన్. ముసలితనం రాకముందే ఆమెను అల్జీమర్స్ పట్టుకుంది, కన్నకూతురిని గుర్తుపట్టలేని తల్లి దగ్గర కూర్చోవడం ఎలా ఉంటుందో మెరిడిత్‌కు మొదటి సీజన్ నుంచే తెలుసు. ఛీఫ్ రిచర్డ్ వెబర్ ఆమెకు తండ్రి లాంటివాడు, కానీ ఆ అనుబంధం వెనక ఒక పాత గాయం ఉంది. మెరిడిత్ పసితనంలో రిచర్డ్‌కూ ఎల్లిస్‌కూ నడిచిన సంబంధం వల్ల మోసపోయిన భార్య ఈ అడెలే. తన తల్లి కారణంగా కాపురంలో సుఖం పోగొట్టుకున్న స్త్రీకి, తన తల్లిని మింగేసిన జబ్బే వచ్చినప్పుడు, అసలు మందు చేతికందే దూరంలో ఉంటే మెరిడిత్ ఆగలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. అడెల్‌గా నటించిన లొరెట్టా డివైన్‌కు ఆ పాత్ర 2011లో ఎమ్మీ పురస్కారం తెచ్చిపెట్టింది. ఆ నటన చూసిన వెంటనే నిబంధనల పుస్తకం తెరవమని ప్రేక్షకులను అడగడం కష్టమే. మీ అక్కగారు మెరిడిత్ పక్షాన నిలబడ్డారంటే కథ తన పని తాను చక్కగా చేసిందన్నమాట.

అయితే ఆ చక్కదనంలోనే ఒక కనికట్టు ఉంది. కెమెరా అడెల్ ముఖం మీద నిలుస్తుంది, రిచర్డ్ నిస్సహాయత మీద నిలుస్తుంది, మెరిడిత్ వణికే చేతుల మీద నిలుస్తుంది. అదే ట్రయల్‌లో చేరిన మిగతా రోగుల్లో కొందరు ఒక ఎపిసోడ్‌లో కనిపించి వెళ్లిపోతారు, కొందరు అసలు కనిపించరు. వాళ్లకూ భార్యాభర్తలూ కూతుళ్లూ ఉన్నారు. తమకు అందేది మందో, ప్లాసిబో అనే ఏ గుణమూ లేని ద్రవమో తెలియకుండానే వాళ్లు మెదడు శస్త్రచికిత్సకు ఒప్పుకుని బల్ల మీద పడుకున్నారు. తమకు ఉపయోగపడకపోయినా తమ తరవాత వచ్చేవాళ్లకు ఒక నిజం తెలుస్తుందన్న నమ్మకం మీద వాళ్లు పెట్టిన పణం అది. ప్లాసిబో గుంపులో నమోదైన అడెల్ ఒంట్లో అసలు మందు ఉంటే, ఆ మందు నిజంగా పనిచేసేదైనప్పుడు దాని బలం లెక్కల్లో తగ్గి కనిపిస్తుంది, హాని చేసేదైనప్పుడు ఆ హాని కూడా తగ్గి కనిపిస్తుంది. ఒక్క సీసాతోనే అంత తారుమారవుతుందా అని మీ అక్కగారు అడగవచ్చు. ఒక్కటి మారిందని బయటపడ్డాక మిగతావేవీ మారలేదని నమ్మించగలిగేవాళ్లు ఎవరూ ఉండరు కదా. కథలోనూ అదే జరిగింది, ట్రయల్ మొత్తం మూతపడింది. దానితో పాటు, తలకు కోత పడ్డ ఆ మనుషులందరూ పెట్టిన పణం కూడా వృథా అయింది. వాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో ఏ ఎపిసోడూ చూపించలేదు.

ఈ సీరియలే తన కనికట్టును ఒకసారి తానే బయటపెట్టుకుంది, అందుకు దాన్ని మెచ్చుకోవాలి. రెండో సీజన్ చివర, 2006 మే నెలలో ప్రసారమైన ఎపిసోడ్లలో, ఇజీ స్టీవెన్స్ అనే యువ డాక్టరు తాను ప్రేమించిన రోగి డెనీ డుకెట్ కోసం ఏం చేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. దాత గుండె ఒకటి దొరుకుతుంది, కానీ జాబితాలో డెనీ కన్నా 17 సెకన్ల ముందు పేరు నమోదైన మరో రోగి ఉంటాడు. డెనీ పరిస్థితి విషమిస్తే వరస మారుతుందని, అతని గుండెకు ఆసరాగా ఉన్న యంత్రం తీగను ఇజీ కత్తిరిస్తుంది. గుండె డెనీకే వస్తుంది, కానీ కొన్ని గంటలకే రక్తపు గడ్డ అడ్డుపడి అతను చనిపోతాడు. అప్పట్లో ప్రేక్షకులు ఏడ్చింది డెనీ కోసమూ ఇజీ కోసమూ. డెనీ వదిలివెళ్లిన 87 లక్షల డాలర్లలోంచి ఆ ఆస్పత్రిలో అతని పేరిట ఉచిత క్లినిక్ కూడా వెలిసింది. రెండున్నరేళ్ల తరవాత, 2008 నవంబరులో, ఎరికా హాన్ అనే గుండె సర్జన్ దగ్గరికి ఒక రోగి వస్తాడు. ఆ గుండె అందవలసిన మనిషి అతనే. అన్నాళ్లూ గుండె కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆ ఎపిసోడ్ మీరిద్దరూ చూసేశారు, అయినా ఆ ఒక్కదాన్నీ మళ్లీ పెట్టుకుని చూడమని నా సలహా. జరిగినదాన్ని పై సంస్థకు తెలియజేయాలని హాన్ అంటే, ఆమె ప్రేమిస్తున్న కాలీ సైతం ఇజీ మనది, ఆ రోజుల్లో ఆమె స్థితి వేరు అని వెనకేసుకొస్తుంది. అదే మాట ఆ రోగి ఎదుట నిలబడి అనగలదా అన్నది ప్రశ్న. ఈ సీరియల్‌లో కుటుంబ నిబద్ధత గురించి అతి నిజాయితీగా రాసిన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. దాని తరవాత హాన్ పాత్రే సీరియల్ నుంచి వెళ్లిపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మీ ఫార్మసీలో ఎవరికి ఏ మందో తెలిపే జాబితాను డాక్టర్లకు కూడా చూపించకుండా ఎందుకు దాస్తారో మీకు తెలుసు, అక్కగారికి తెలియకపోవచ్చు. అదేదో డాక్టర్లను దొంగలుగా అనుమానించే ఏర్పాటని బయటివాళ్లకు తోస్తుంది. దాని పుట్టుక వేరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ అనే మందు అమెరికాలో తయారవుతుండగా, బ్రిటన్ దగ్గర దాన్ని కావలసినంత కొనడానికి డాలర్లు లేవు. అందరికీ సరిపోదు కాబట్టి, ఎవరికి ఇవ్వాలన్నది ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడకూడదని, అక్కడి మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ సీలు వేసిన కవర్లలో ముందుగానే నిర్ణయాలు పెట్టింది. రోగిని చేర్చుకున్నాకే కవరు విప్పేవారు. 107 మందిలో 55 మందికి మందూ విశ్రాంతీ, 52 మందికి విశ్రాంతి మాత్రమే దక్కాయి. ఆరు నెలల్లో మందు తీసుకున్నవారిలో 4 మంది, తీసుకోనివారిలో 14 మంది చనిపోయారు. ఆ ఫలితం 1948లో అచ్చయింది. కవరు సీలు విప్పి చూసే వీలుంటే ఎంత మంచి డాక్టరైనా తనకు ఎక్కువ జాలి కలిగిన రోగినో, కోలుకుంటాడని తోచిన రోగినో మందు వైపు నెట్టి ఉండేవాడు. ఎంత దయగలవాడైతే అంత గట్టిగా నెట్టేవాడు. అప్పుడు ఆ 4కూ ఈ 14కూ మధ్య తేడా మందు వల్ల వచ్చిందో, మనుషుల ఎంపిక వల్ల వచ్చిందో తేల్చడం ఎవరి వల్లా అయ్యేది కాదు. మెరిడిత్ లాంటి మంచి మనసున్న వాళ్లను దృష్టిలో పెట్టుకునే ఆ సీలు వేశారని చెప్పినా తప్పు లేదు.

మీ అక్కగారి వాదంలో పైకి చెప్పని నమ్మకం ఇంకొకటి ఉంది. అసలు మందు దక్కడం అదృష్టమనీ, ప్లాసిబో దక్కడం దగా పడటమనీ అనుకుంటేనే ‘మార్చవా?’ అన్న ప్రశ్నకు బలం వస్తుంది. కానీ అది ముందే తెలిస్తే ట్రయల్ ఎందుకు? గుండెపోటు వచ్చి బతికినవారిలో గుండె లయ తప్పకుండా ఉంచుతాయని డాక్టర్లు గట్టిగా నమ్మిన ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే రెండు మందులను అమెరికాలో ప్లాసిబోతో పోల్చి చూసినప్పుడు, 1498 మందిలో మందు తీసుకున్నవారిలో 63 మంది, ప్లాసిబో తీసుకున్నవారిలో 26 మంది మరణించారు. 1989లో ఆ భాగాన్ని అర్ధంతరంగా ఆపేశారు. ఆ ట్రయల్‌లో ఒక చెల్లెలు తన అక్క మీద ప్రేమతో సీసా మార్చి ఉంటే ఏం జరిగి ఉండేదో ఊహించండి. అల్జీమర్స్ విషయానికే వస్తే, మెదడులోకి నేరుగా ఎక్కించే ఒక జన్యు చికిత్సను 49 మందిలో, కొందరికి ఉత్తుత్తి శస్త్రచికిత్స చేసి మరీ పరీక్షించారు. 2018లో వచ్చిన ఫలితంలో జబ్బు నెమ్మదించిన జాడేమీ లేదు. సీరియల్‌లో సైతం అడెల్ పరిస్థితి దిగజారుతూనే వచ్చింది, ఎనిమిదో సీజన్‌లో ఆమెను సంరక్షణ కేంద్రంలో చేర్చవలసి వచ్చింది, తొమ్మిదో సీజన్‌లో ఆమె చనిపోయింది. మెరిడిత్ అన్నీ పణంగా పెట్టి అడెల్‌కు ఇచ్చింది మందని చెప్పడానికి కూడా వీల్లేదు, అప్పటికి అది ఇంకా ఒక ప్రశ్న మాత్రమే.

మీ అక్కగారు విసిరిన సామెత దగ్గరికి వద్దాం. అయినవాళ్లకు కంచంలో వడ్డించడాన్ని ఎవరూ తప్పు పట్టరు, మన వంటలోంచి పెడుతున్నంత వరకు. పక్క పంక్తిలో కూర్చున్నవాళ్ల ఆకులోంచి తీసి మనవాళ్ల కంచంలో వేస్తేనే లెక్క మారుతుంది. ఈ కొలతతో చూస్తే మెరిడిత్ కథలోనే మూడు రకాల నిబద్ధత కనిపిస్తుంది. ఆరో సీజన్‌లో, 2009లో, తనను చిన్నప్పుడే వదిలేసి వెళ్లిన తండ్రి థాచర్‌కు, తాగి తాగి కాలేయం పాడుచేసుకున్న ఆ మనిషికి, ఆమె తన కాలేయంలో కొంత కోసి ఇచ్చింది. ఆయన మీద ఆమెకు పెద్ద ప్రేమ లేదు, సవతి చెల్లెలు లెక్సీ కోసం చేసింది. ఖర్చయింది ఆమె సొంత శరీరం, నొప్పి ఆమెది, ప్రమాదం ఆమెది. వద్దని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే అది భర్త డెరెక్‌కు కొంత ఉండవచ్చేమో గానీ, నీతిశాస్త్రానికి అక్కడ పెద్దగా పని లేదు.

రెండోది మీరింకా చూడలేదు. పదిహేనో సీజన్‌లో, 2019లో, ఆశ్రయం కోరి వచ్చిన ఒక తండ్రి బిడ్డకు వైద్యం అందించడానికి మెరిడిత్ ఆస్పత్రి కాగితాల మీద తన కూతురు ఎల్లిస్ పేరు రాసి బీమా వాడుకుంటుంది. ఇది మొదటిదంత తేలిక కాదు, సీసా మార్చినంత దారుణమూ కాదని నా లెక్క. ఆ బిడ్డకు దక్కిన వైద్యం మరో రోగి చేతిలోంచి లాక్కున్నది కాదు. అయినా ఖర్చు ఎవరి మీదో పడకుండా పోలేదు, ఆమెను ప్రేమించిన డెలూకా నేరం తన మీద వేసుకుని జైలుకు వెళ్తాడు. ఒక బిడ్డ జబ్బు మరో బిడ్డ వైద్య చరిత్రలోకి ఎక్కితే రేపు ఆ రెండో బిడ్డను చూసే డాక్టరు ఎంత తప్పుదారి పట్టవచ్చో ఫార్మసీలో ఉన్న మీకు నేను చెప్పనక్కర్లేదు. సీరియల్ ఆ ప్రమాదాన్ని పట్టించుకోలేదు.

మూడోది సీసా. అక్కడ ఖర్చు పెట్టినవాళ్లకు తాము ఖర్చు పెడుతున్నట్టు కూడా తెలియదు. అందుకే ఈ మూడింటిలో అదొక్కటే నాకు క్షమించడానికి వీల్లేనిదిగా కనిపిస్తుంది, దాని వెనక ఉన్న ప్రేమ మూడింటిలోకీ స్వచ్ఛమైనదే అయినప్పటికీ.

మరి ప్రేమ ఉన్న మనిషి ఆ చోట ఏం చేయాలని మీరడిగారు. నా జవాబు, ఆ చోటికి చేరకముందే చేయవలసింది చాలా ఉందని. ఛీఫ్ భార్య, ఛీఫ్ కింద పనిచేసే సర్జన్ నడుపుతున్న ట్రయల్‌లో, ఛీఫ్‌ను తండ్రిగా భావించే డాక్టరు ఆ సర్జన్‌కు భార్యగా, సహాయకురాలిగా ఉన్న బృందం చేతికి వచ్చింది. ఆ గదిలో ఉన్నవాళ్లలో పరాయివాళ్లెవరు? అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1847లో రాసుకున్న మొట్టమొదటి నియమావళిలోనే, భార్యకో బిడ్డకో జబ్బు చేసినప్పుడు డాక్టరుకు కలిగే సహజమైన ఆందోళన అతని విచక్షణను మసకబార్చి, చేతికి జంకు పుట్టిస్తుందనీ, అలాంటప్పుడు తోటి డాక్టరును పిలవాలనీ ఉంది. నేటికీ ఆ సంస్థ వైఖరి దాదాపు అదే. అత్యవసరమైనా, వేరే డాక్టరు దొరకని చోటైనా, చిన్నపాటి తాత్కాలిక ఇబ్బందైనా తప్ప సొంతవాళ్లకు వైద్యం చేయవద్దంటుంది. డాక్టరుకు ప్రేమ ఉండకూడదని ఆ నియమం అనడం లేదు, ప్రేమ తప్పకుండా ఉంటుందని, అది తట్టుకోలేనంత ఉంటుందని ముందే ఒప్పుకుంటోంది.

కాబట్టి అడెల్ పేరు జాబితాలో చేరిన రోజునే మెరిడిత్ ‘ఈమె మా మనిషి, నన్ను ఈ ట్రయల్ నుంచి తప్పించండి’ అని ఉంటే, ఆ తరవాత ఆమె అడెల్ కోసం బహిరంగంగా, తల దించుకోకుండా ఎంతో చేయగలిగేది. మరో ఆస్పత్రిలో, తమను ఎరగని బృందం నడిపే ట్రయల్ ఏదైనా ఉందేమో వెతికేది. ప్లాసిబో పడినవాళ్లకు ట్రయల్ ముగిశాక అసలు మందు ఇచ్చే షరతు పెట్టమని ముందుగానే పట్టుబట్టేది. ట్రయల్‌లో చేరలేని రోగులకు ప్రత్యేక అనుమతితో ప్రయోగదశలోని మందు ఇచ్చే మార్గం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర ఉంది, దానికి దరఖాస్తు రాసేది. మందు అంత గొప్పదే అయితే అది తేలడానికి కూడా సరైన దారి ఉంది. 1986లో ఎయిడ్స్ రోగుల మీద ఏజెడ్‌టీ మందును పరీక్షించినప్పుడు, ఫలితాలను విడిగా గమనిస్తున్న కమిటీ, ప్లాసిబో గుంపులో 19 మంది, మందు గుంపులో ఒక్కరు చనిపోయారని చూసి ట్రయల్‌ను ముందుగానే ఆపించింది, ప్లాసిబో తీసుకుంటున్నవారికి కూడా మందు ఇచ్చారు. ఆ రోజుల్లో తమకు ఏది వచ్చిందో తెలియక, స్నేహితులందరికీ కొంతైనా అసలు మందు అందాలని తమ మాత్రలను కలిపి పంచుకున్న రోగులు కూడా ఉన్నారు. ఆ పని వల్ల లెక్కలు చెడతాయన్నది నిజమే. అయినా వాళ్లను తలచుకుంటే నాకు కోపం రాదు, వాళ్లు పంచింది తమ వాటానే కాబట్టి.

ఆ తరవాత కథ నడిచిన తీరు మీద నాకు చిన్న ఫిర్యాదు ఉంది. విషయం బయటపెట్టింది తోటి రెసిడెంటు అలెక్స్ కారెవ్, అదీ తాగిన మత్తులో. ఎనిమిదో సీజన్ మొదలవగానే మిత్రులందరూ వెలివేసేది అతన్నే. మెరిడిత్ ఉద్యోగం పోతుంది, ఆ దంపతులు దత్తత తీసుకోవాలనుకున్న పాప జోలా చేజారిపోతుంది. చివరికి నేరం తనదేనని రిచర్డ్ అబద్ధం చెప్పి, ఛీఫ్ పదవి వదులుకుని, ఆమెను ఉద్యోగంలో నిలబెడతాడు. అది త్యాగంలాగే చూపించారు, చూస్తున్నంతసేపూ త్యాగంలాగే అనిపిస్తుంది కూడా. కానీ ఒక కుటుంబం చేసిన తప్పును అదే కుటుంబం ఇంకో అబద్ధంతో కప్పుకుంది, నిజం చెప్పినవాడు ద్రోహి అయ్యాడు. నిజం చెప్పిన పద్ధతి బాగాలేకపోవచ్చు, అతని ఉద్దేశాలూ అంత శుభ్రమైనవి కాకపోవచ్చు, అంతమాత్రాన చెప్పిన విషయం అబద్ధం కాదు. మొత్తం వ్యవహారంలో నాకు నచ్చినవాడు డెరెక్. తన కళ్లముందే పరిశోధన కూలిపోతుంటే భార్య మీద ప్రేమను చంపుకోనూ లేదు, ఆమె చేసింది సరైనదేనని అననూ లేదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని మెరిడిత్ గానీ మిత్రులు గానీ చాలాకాలం ఒప్పుకోలేకపోయారు.

మీ ఇంట్లో చిక్కు కూడా అక్కడే పడిందని నా ఊహ. మీ అక్కగారు ‘సీసా మార్చవా?’ అని అడిగినప్పుడు ఆమెకు కావలసింది ట్రయల్ పద్ధతి మీద వివరణ కాదు. తాను మతి తప్పి, ఎవరినీ గుర్తుపట్టలేని స్థితికి వస్తే, తనకోసం మీరు ఎంతదూరం వస్తారో తెలుసుకోవాలనుకున్నారు. అడెల్‌ను చూసి ఆమెకు భయం వేసింది. మీరు ‘మార్చను’ అని అక్కడితో ఆపేశారు. ఆ ఒక్క మాటా నిజమే, కానీ ఆ మాటతో మీరు తనకోసం ఏమీ చేయరని ఆమెకు వినిపించింది.

అందుచేత ఇప్పుడు వెళ్లి మళ్లీ న్యాయాన్యాయాలు చర్చించకండి, నేను పైన రాసిన లెక్కలు కూడా ఎత్తకండి. ‘నీకే ఆ జబ్బు వస్తే ఆ రోజే ఫార్మసీలో మా పై అధికారులకు చెప్పి ఆ ట్రయల్ మందుల పని ఇంకొకరికి అప్పగించేస్తాను, ఎందుకంటే నీ విషయంలో నన్ను నేను నమ్ముకోలేను’ అని చెప్పండి. అది నిజం కూడా. మీ వృత్తిలో అలా తప్పుకోవడం సాధ్యమే, సహోద్యోగికి అప్పగిస్తే సరిపోతుంది, ఎవరూ తప్పు పట్టరు. ఆ తరవాత మీరు ఏమేం చేస్తారో చెప్పండి: సమ్మతి పత్రంలో ప్రతి పేజీ ఆమె పక్కన కూర్చుని చదివి వినిపిస్తారనీ, డాక్టరును ఆమె తరఫున అడగవలసినవన్నీ అడుగుతారనీ, ట్రయల్ నచ్చకపోతే ఎప్పుడైనా మానుకునే హక్కు ఆమెకు ఉందని గుర్తుచేస్తారనీ, మందు పనిచేయని పక్షంలో కూడా మీరు అక్కడే ఉంటారనీ. తనకు మతి బాగున్నప్పుడే తన వైద్యం గురించి తాను ఏమనుకుంటున్నదో రాసిపెట్టమని అడగడానికి కూడా ఇదొక సందర్భం, ఆమె ఇష్టపడితేనే. అడెల్ విషయంలో చివరిదాకా అందరూ ఆమె గురించే మాట్లాడుకున్నారు తప్ప, నీకేం కావాలని ఆమెను అడిగినవాళ్లు తక్కువ.

ఇదంతా విన్నాక కూడా ఆమె, ‘నేనైతే నీకోసం మార్చేసేదాన్ని’ అనవచ్చు. ఆ మాట మీద వాదన పెట్టుకోకండి, ఆమె ఫార్మసిస్టు కాదు, ఆమె చేతిలో ఏ సీసా లేదు. ఆ మాటను ఆమె ప్రేమగానే తీసుకుని ఎనిమిదో సీజన్ మొదలుపెట్టండి. అలెక్స్ దగ్గరికి వచ్చేసరికి ఎలాగూ మీరిద్దరూ మళ్లీ పోట్లాడుకుంటారు.